131073తో మొదలైన తలనొప్పి

శనివారం రాత్రి

మా అక్క కొడుకు మృదంగం నేర్చుకుంటున్నాడు. శ్రుతి కలిసిందో లేదో ఫోన్లో చూపించే చిన్న ప్రోగ్రాం రాసిస్తానని ఉగాదికి వాడికి మాటిచ్చాను, ఏదో ఒకటి రాసిచ్చాను కూడా, కానీ అది ఒక్కోసారి సరిగ్గా చెబుతుంది, ఒక్కోసారి తిక్కతిక్కగా చెబుతుంది, పైగా వాడి పాత ఫోన్లో నత్తనడక. ఇవాళ సైనిక్‌పురిలో అక్కావాళ్లింటికి వెళ్లి, వాడి చేత 'నం' అని వాయించి మూడు సెకన్లు రికార్డ్ చేసుకొచ్చాను.

సెకనుకి 44100 శాంపిళ్లు (శబ్దాన్ని కొలిచిన అంకెలు), మూడు సెకన్లకి 132300. ముందూ వెనకా ఉన్న నిశ్శబ్దాన్ని కత్తిరించాక 131073 మిగిలాయి. గొడవంతా ఈ అంకెతోనే. ఎఫ్‌ఎఫ్‌టీ (శబ్దంలో ఏ ఫ్రీక్వెన్సీ ఎంత గట్టిగా ఉందో లెక్కగట్టే పద్ధతి) పొడవుని కారణాంకాలుగా విడగొట్టి, పెద్ద లెక్కని చిన్న లెక్కలుగా పంచుకుని చేస్తుంది. 1965లో జేమ్స్ కూలీ, జాన్ టూకీ ఇద్దరూ కలిసి ప్రచురించిన పద్ధతికి మూలం అదే. 131073ని విడగొడితే 3 × 43691 వస్తుంది, 43691 ప్రధాన సంఖ్య, ఇక అక్కడ పంచుకోవడానికేమీ లేదు. అందుకని అందరూ చేసేదే నేనూ చేశాను: చివర సున్నాలు తగిలించి పొడవుని 2 ఘాతానికి తీసుకెళ్లాను. 131072 సరిగ్గా 2 యొక్క 17వ ఘాతం. నా దగ్గర ఒక్కటంటే ఒక్క శాంపిల్ ఎక్కువుంది. దాంతో తర్వాతి ఘాతం 262144 దాకా పోవాల్సి వచ్చింది, అంటే 131071 సున్నాలు. ఒక్క చుట్టం ఎక్కువ వచ్చాడని ఇంకో ఫంక్షన్ హాల్ బుక్ చేసినట్టు.

నిజానికి 2 ఒక్కటే ఉండాలని రూలేం లేదు. 3, 5 ఉన్నా ఎఫ్‌ఎఫ్‌టీ బాగానే నడుస్తుంది. కాబట్టి నాకు కావాల్సింది 2, 3, 5 తప్ప వేరే ప్రధాన కారణాంకం లేని సంఖ్యల జాబితా. ఇంగ్లీషులో వీటిని స్మూత్ సంఖ్యలంటారు, నున్నటివన్నమాట, పెద్ద ప్రధాన సంఖ్యల గరుకు తగలదు.

ఆదివారం

మొదటి ప్రయత్నం బడిపిల్లల పద్ధతి. ప్రతి సంఖ్యనీ తీసుకుని, పోయినంత వరకు 2తో భాగించు, తర్వాత 3తో, తర్వాత 5తో, చివరికి 1 మిగిలితే ఉంచు, లేకపోతే పారెయ్. పైథాన్‌లో పది లైన్లు కూడా కాలేదు. పది లక్షల వరకు నడిపితే 507 సంఖ్యలు దొరికాయి. 507 కోసం 999493 సంఖ్యల్ని భాగించి భాగించి పారేశానన్నమాట, బియ్యం కోసం రాళ్ల గుట్టని చెరిగినట్టు.

జాబితాలో 131073 తర్వాత మొదట వచ్చేది 131220. దాన్ని విడగొడితే రెండు 2లు, ఎనిమిది 3లు, ఒక 5. సున్నాలు 147 చాలు! 131071 ఎక్కడ, 147 ఎక్కడ.

నిజం చెప్పాలంటే ఇక్కడితో ఆపేస్తే పనైపోయేది. నాకు కావాల్సిన పొడవులు ఎప్పుడూ పది లక్షలు దాటవు, 507 అంకెల పట్టీని ఫోన్ ప్రోగ్రాంలో అలాగే అతికించెయ్యొచ్చు. ఆఫీసులో మిత్రుడైతే ఇంకో అడుగు ముందుకేసి, సైపైలో (లెక్కల పనులకి పైథాన్ లైబ్రరీ) దీనికి ఫంక్షన్ రెడీగా ఉందిగా, నువ్వెందుకు గుంజుకుంటున్నావ్ అన్నాడు. ఉంది, నిజమే. కానీ ఆ జాబితా చూస్తూ కూర్చుంటే వదలబుద్ధి కాలేదు.

అందులో తెలిసిన మొహాలే కనిపిస్తున్నాయి మరి. రోజుకి 60 గడియలు, గడియకి 60 విఘడియలు, గడియంటే 24 నిమిషాలు, అన్నీ ఉన్నాయి. ప్రభవ నుంచి అక్షయ దాకా 60 సంవత్సరాలు. జపమాలలో 108. పంచాంగంలో కలియుగానికి చెప్పే 432000 సంవత్సరాలు కూడా ఉంది, ఏడు 2లు, మూడు 3లు, మూడు 5లు. కాలాన్ని కొలిచినవాళ్లకి సమంగా పంచుకోగలిగే అంకెలే కావాలి కాబట్టి ఇందులో వింతేం లేదు. అదే పెళ్లి చదివింపుల నూట పదహార్లు చూడండి, 116కి 29 అడ్డం. వెయ్యి నూట పదహార్లకి 31 అడ్డం. పంచుకోవడానికి వీల్లేకుండా ఇస్తారన్నమాట!

సోమవారం, మెట్రోలో

నాగోల్ నుంచి రాయదుర్గం దాకా మెట్రోలో బోలెడు టైం. సీటు దొరికితే ల్యాప్‌టాప్, దొరక్కపోతే బుర్ర.

రాళ్లు ఏరడం మానేసి బియ్యమే పండిస్తే పోలా అనిపించింది. 1తో మొదలుపెట్టి, ఉన్న ప్రతి సంఖ్యనీ 2, 3, 5తో గుణిస్తూ పోతే మనకి కావాల్సినవి తప్ప వేరేవి పుట్టవు. పుట్టించడం చాలా సులువు, మూడు లూపులు ఒకదానిలో ఒకటి పెడితే గుట్టలుగా వచ్చిపడతాయి. తంటా అల్లా వరసతోనే. 2లని మాత్రమే గుణిస్తూ పోతే 1024 వచ్చేస్తుంది, ఇంకా 3 మొహమే చూడలేదు. చిన్నది ముందు, పెద్దది తర్వాత, ఏదీ తప్పిపోకూడదు, ఏదీ రెండుసార్లు రాకూడదు. ఈ మూడూ కలిపి కావాలంటేనే చిక్కు.

మొదట హీప్ (చిన్నదాన్ని ఎప్పుడూ పైన ఉంచే కుప్ప) పెట్టాను. అందులోంచి అన్నిటికంటే చిన్నది బయటికి తియ్యి, దాని 2, 3, 5 రెట్లు లోపలికి తొయ్యి. 6 రెండు దారుల్లో వస్తుంది (2 × 3, 3 × 2) కాబట్టి, వచ్చినవాటిని గుర్తుపెట్టుకోవడానికి పక్కన ఒక సెట్. పనిచేసింది. కానీ హీప్‌లోకి తోసేవాటిలో చాలా వరకు అప్పుడే అక్కర్లేనివి, సెట్ ఏమో ఉబ్బుతూనే ఉంటుంది. సికింద్రాబాద్ స్టేషన్లో ఒక్కరు ఎక్కడానికి ముగ్గురు సాగనంపడానికి వచ్చినట్టు ఉంది.

మంగళవారం

ఇది ఎప్పటిదో పాత సమస్యే. డేటాలో దొర్లే తప్పుల్ని దిద్దే హామింగ్ కోడ్‌తో మనకి తెలిసిన హామింగ్ పేరు మీదే కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా 1976 నాటి తన పుస్తకంలో దీన్ని చర్చించాడు, అందుకే వీటిని హామింగ్ సంఖ్యలని కూడా అంటారు. హీప్ లేదు, సెట్ లేదు, జాబితా మీద మూడు వేళ్లు పెట్టుకోవడమే.

కాగితం మీద చేసి చూస్తే ఇలా ఉంటుంది. జాబితాలో ప్రస్తుతం 1 ఒక్కటే ఉంది. 2 వేలు, 3 వేలు, 5 వేలు (వెయ్యిల లెక్క కాదు, చేతి వేళ్లే) మూడూ దాని మీదే. ఒక్కో వేలు తన కింద ఉన్న సంఖ్యని తన అంకెతో గుణించి చూపిస్తుంది: 2, 3, 5. అన్నిటికంటే చిన్నది 2, దాన్ని జాబితా చివర రాసి, చూపించిన వేలుని ఒక గడి ముందుకి జరుపు. ఇప్పుడు 2 వేలు కింద 2 ఉంది, అది 4 చూపిస్తుంది. మిగతావి 3, 5. చిన్నది 3. అలా నడుస్తూ పోవడమే. ప్రతి వేలూ తన రెట్లని వరసగానే చూపిస్తుంది, ఎందుకంటే అది నడిచే జాబితా వరసలోనే ఉంది కాబట్టి. జాబితా తన తోకని తానే తింటూ పెరుగుతుందన్నమాట, నాకు భలే నచ్చింది.

రాసి నడిపాను. 20వ సంఖ్య 36 రావాలి, కాగితం మీద లెక్కేసి పెట్టుకున్నాను. 18 వచ్చింది.

జాబితా అచ్చు వేయిస్తే 1, 2, 3, 4, 5, 6, 6, 8, 9, 10, 10, 12, 12, 12, 15, 15, 16, 18, 18, 18. అరగంట జుట్టు పీక్కున్నాను. తప్పు ఎక్కడంటే, వేలు జరిపే చోట "2 వేలు చూపిస్తే దాన్ని జరుపు, లేకపోతే 3 వేలు, అదీ కాకపోతే 5 వేలు" అని ఎల్స్ ఇఫ్ వాడాను. 6 దగ్గర 2 వేలు, 3 వేలు రెండూ 6నే చూపిస్తాయి. రెండూ జరగాలి. నేను ఒకదాన్నే జరిపాను, రెండోది అక్కడే నిలబడి ఇంకోసారి 6 అంది. ఎల్స్ తీసేసి మూడు విడి ఇఫ్‌లు పెడితే సరిపోయింది. మూడక్షరాల తప్పు.

కానీ ఆ తప్పు జాబితా కూడా ఊరికే పోలేదు. 12 మూడుసార్లు ఎందుకొచ్చింది? 2, 2, 3ని మూడు రకాలుగా పేర్చొచ్చు కాబట్టి. ఆ లెక్కన 30 ఆరుసార్లు రావాలి, చూస్తే ఆరుసార్లే ఉంది. ఇంటర్‌లో ప్రస్తారాలు సంయోగాలు అని బట్టీపట్టింది, ఒక బగ్ వచ్చి చక్కగా చూపించింది.

బుధవారం

ఫోన్ కోసం సీ ప్లస్ ప్లస్‌లోకి మార్చాను. ఎంత దూరం పోతుందో చూద్దామని వదిలితే 1691వ సంఖ్య 2125764000 అని చెప్పి, 1692వది మైనస్ 2147483648 అంది. మామూలు ఇంట్ (32 బిట్ల పూర్ణాంకం) కదా, 31 బిట్లు దాటగానే గుర్తు తిరగబడింది. అసలు జవాబు సరిగ్గా 2 యొక్క 31వ ఘాతమే, 2147483648. అంటే ఇంట్‌లో పట్టే చివరి సంఖ్య 1691వది, దాని తర్వాతిదే గోడ. ఇంత శుభ్రంగా గోడకి గుద్దుకోవడం నేనెప్పుడూ చూడలేదు, సాధారణంగా ఓవర్‌ఫ్లో అయితే ఏదో చెత్త అంకె వచ్చి గంటలు తినేస్తుంది.

64 బిట్లకి మార్చాను, అదీ దాదాపు పదమూడు వేల సంఖ్యల తర్వాత నిండిపోతుంది. ఫోన్‌కి ఇదే ఎక్కువ, అక్కడ ఆపేశాను. పైథాన్‌లో ఆ బాధ లేదు కదా, పది లక్షలవ సంఖ్య ఏంటో చూద్దాం అని ఇంకో పురుగు తొలిచింది.

శుక్రవారం రాత్రి

ఆఫీసులో రిలీజు టెన్షన్, నిన్నంతా ఏం ముట్టుకోలేదు.

పది లక్షలవది వచ్చేసింది. 84 అంకెలు, 5193127804తో మొదలై చివర 55 సున్నాలు. యాభై ఐదు 2లు, నలభై ఏడు 3లు, అరవై నాలుగు 5లు. ల్యాప్‌టాప్‌కి ఇది పెద్ద పనేం కాలేదు, కానీ ఆ పెద్దపెద్ద అంకెలన్నీ జాబితాలో పది లక్షలు పేరుకుపోవడం నచ్చలేదు. అన్నిటికంటే వెనక నడిచే వేలు 5ది. అది ప్రస్తుత సంఖ్యలో ఐదో వంతు దగ్గర ఉంటుంది. దాని వెనక ఉన్నవి ఇక ఎవరికీ అక్కర్లేదు. జాబితాకి బదులు రెండు చివర్లా తియ్యగలిగే డెక్ పెట్టి వెనకవి పారేస్తూ పోతే, పది లక్షల దగ్గరికి వచ్చేసరికి కూడా చేతిలో ఉండేవి దాదాపు పాతిక వేలే. మిగిలిన తొమ్మిది లక్షల డెబ్బై అయిదు వేలు అనవసరంగా మోశాను.

అక్క ఫోన్ చేసింది. "గింత దానికి వారం పట్టిందారా? పోరడు రోజూ అడుగుతుండు" అంది. పది లక్షలవ సంఖ్య గురించి చెప్పబోయి మానేశాను.

శనివారం

అంత దూరం నడవకుండా నేరుగా పది లక్షలవ సంఖ్య దగ్గరికి దూకొచ్చా? దూకాలంటే ఒక సంఖ్య లోపు ఇలాంటివి ఎన్ని ఉంటాయో ముందే అంచనా తెలియాలి.

ఇక్కడ రామానుజన్ ఎదురయ్యాడు. 1913లో కేంబ్రిడ్జి గణితవేత్త హార్డీకి రాసిన మొదటి ఉత్తరంలోనే, 2, 3 మాత్రమే కారణాంకాలుగా ఉన్న సంఖ్యలు ఒక అంకె లోపు ఎన్ని ఉంటాయో చెప్పే సూత్రం ఒకటి ఉంది. ఆ అంకెని రెట్టింపు చేసి లాగ్ (సంవర్గమానం) తీసుకో, మూడు రెట్లు చేసి లాగ్ తీసుకో, రెండూ గుణించి, లాగ్ 2, లాగ్ 3ల లబ్ధానికి రెట్టింపుతో భాగించు. అంతే. 100 దగ్గర వేస్తే 19.84 వచ్చింది, చేత్తో లెక్కపెడితే 20. 1000 దగ్గర 39.96, లెక్కపెడితే 40. టీ గ్లాసు చల్లారిపోయింది, నేను అలాగే చూస్తూ ఉన్నాను.

దాని వెనక బొమ్మ ఉంది. 2 ఎన్నిసార్లు, 3 ఎన్నిసార్లు అన్నవి గళ్ల కాగితం మీద చుక్కలనుకుంటే, ఒక అంకె లోపు అన్న షరతు ఒక వాలు గీత. గీత కింద త్రిభుజంలో ఎన్ని చుక్కలు పడ్డాయో లెక్క, అంటే దాదాపు ఆ త్రిభుజం వైశాల్యమే. 2 రెట్లు, 3 రెట్లు చెయ్యడం అంచుల్లో పడే తేడాని సర్దడానికి. 5 కూడా కలిస్తే త్రిభుజం బదులు పిరమిడ్ మూల, ఘనపరిమాణం లెక్క. అంకెని 30 యొక్క వర్గమూలంతో గుణించి, లాగ్ తీసి, దాన్ని ఘనం చేసి, 6 × లాగ్ 2 × లాగ్ 3 × లాగ్ 5తో భాగించాలి. తిరగేస్తే పది లక్షలవది దాదాపు ఎంతుండాలో వచ్చేస్తుంది. 84 అంకెలు, మొదట్లో 5.18. అసలుది 5.19.

ఇంత దగ్గరగా గురి కుదిరితే ఇక మిగిలింది వెతుకులాటే. అంచనాకి కాస్త కిందా పైనా ఒక సన్నటి పట్టీ గీసుకున్నాను, ఒక్కో వైపు ఒక శాతం. 3 ఎన్నిసార్లు, 5 ఎన్నిసార్లు అన్న జతలు పది వేల పైచిలుకు ఉంటాయి. ఒక్కో జతకి 2 ఎన్నిసార్లు పడుతుందో భాగహారం చేస్తే తెలిసిపోతుంది, లూప్ తిప్పక్కర్లేదు. ఆ జతలో పట్టీ లోపల పడే సంఖ్య ఉంటే ఒక్కటే ఉంటుంది (పట్టీ వెడల్పు రెట్టింపు కంటే చాలా తక్కువ కాబట్టి), దాన్ని సంచిలో వేసుకో, పట్టీ కింద పడేవాటిని లెక్కలో మాత్రం కలుపుకో. చివరికి సంచిలో మూడు వందల చిల్లర సంఖ్యలు మిగిలాయి, వాటిని వరసలో పెట్టి కావాల్సిన స్థానానికి వెళ్లాను. వరసలో పెట్టేటప్పుడు లాగ్‌లని నమ్మలేదు, దశాంశాల చివర్లో మోసం చేస్తాయేమోనని అసలు అంకెల్నే పోల్చాను. జవాబు నిన్నటిదే, 55, 47, 64. పది లక్షల అడుగులు పది వేలకి తగ్గాయి.

ఆదివారం, ఇంకాస్త పిచ్చి

పక్కపక్కనే ఉండే జతలు వెతికాను, తేడా ఒకటి మాత్రమే ఉండాలి. 1, 2 నుంచి మొదలై 8, 9, ఆ తర్వాత 9, 10, ఇలా పోతూ 15, 16 వచ్చాయి, 24, 25 వచ్చాయి, చివరగా 80, 81. మొత్తం పది. ఆ తర్వాత ఎంత దూరం పోయినా ఒక్కటీ లేదు. దొరక్కపోవడం కాదు, లేనే లేవు. ఏ కొన్ని ప్రధాన సంఖ్యలు తీసుకున్నా ఇలాంటి జతలు ఎక్కడో ఆగిపోవాల్సిందేనని నార్వే గణితవేత్త స్టోర్మర్ 1897లోనే నిరూపించాడు.

81ని 80తో భాగిస్తే వచ్చే నిష్పత్తి సంగీతం వాళ్లకి బాగా తెలుసు. రిషభాన్ని షడ్జమానికి 9/8 నిష్పత్తిలో పెట్టొచ్చు, 10/9లోనూ పెట్టొచ్చు, రెండింటి మధ్య తేడా సరిగ్గా 81/80. మేనల్లుడి చెవి దాన్ని పట్టుకుంటుంది, నాది పట్టుకోదు.

వాడి గురించి అనుకుంటే తాళంలో జాతులు గుర్తొచ్చాయి. తిశ్రం 3, చతురశ్రం 4, ఖండం 5, మిశ్రం 7, సంకీర్ణం 9. మిశ్రం ఒక్కటే నా జాబితాలో లేదు, 7ని వదిలేశాను కదా. సరే, నాలుగో వేలు పెట్టాను. కోడ్‌లో రెండు లైన్లు. 44100 కూడా లోపలికి వచ్చింది, అది 2, 3, 5, 7ల లబ్ధం 210కి వర్గం. సీడీకి అదే రేటు.

ఇక ఊరికే ఉండలేక హైదరాబాద్ మీద పడ్డాను. చార్మినార్ కట్టిన 1591 అసలు లొంగదు, 37 × 43. పిన్‌కోడ్‌లు చూద్దామనుకున్నాను. 500000 నున్నగా ఉంటుంది, కానీ ఆ పిన్‌కోడ్ ఏ పోస్టాఫీసుదీ కాదు. గచ్చిబౌలి 500032లో 13, 601 దూరాయి. 500001 నుంచి 500100 దాకా నడిపితే 2, 3, 5, 7 తప్ప ఇంకేమీ లేనిది ఒకే ఒక్కటి వచ్చింది: 500094. 63 ఘనానికి రెట్టింపు.

సైనిక్‌పురి!

అక్కకి ఫోన్ చేసి చెప్పాను. "అయితే ఏమైతదిరా, కొరియర్ జల్దీ వస్తదా?" అంది.

సోమవారం రాత్రి

ఫోన్ ప్రోగ్రాంలో పొడవు పట్టీ మార్చాను, 131073కి 131220 తీసుకుంటోంది, చకచకా నడుస్తోంది. అయిపోయిందనుకున్నాను. పాత రికార్డింగులన్నీ కొత్త కోడ్‌లో మళ్లీ వేస్తే జవాబులు పాత వాటితో కలవలేదు.

కొత్తదే తప్పయ్యుంటుందని రెండు గంటలు వెతికాను. తప్పు పాతదాంట్లో ఉంది. ఎక్కడ గట్టిగా మోగిందో దొరికాక దాన్ని ఫ్రీక్వెన్సీగా మార్చేటప్పుడు సున్నాలతో కలిపిన పొడవుతో భాగించాలి, నేను కత్తిరించిన పొడవుతో భాగించాను. మొన్నటి 131073 రికార్డింగ్‌లో అది బయటపడలేదు, ఎందుకంటే 262144 దానికి ఇంచుమించు సరిగ్గా రెట్టింపు, తప్పు జవాబు ఒక స్థాయి పైకి పోయి స బదులు పై స అయింది, స్క్రీన్ మీద స అనే చూపించింది. కానీ కిందటి నెల రికార్డింగుల్లో ఒకటి 128000 పొడవుంది. దాన్ని 131072కి పెంచి, 128000తో భాగిస్తే 2.4 శాతం ఎక్కువ చూపిస్తుంది. అది శ్రుతి తప్పిందని చెప్పడానికి చాలినంత.

ఆ రోజు వాడు "మామా, ఎక్కువ చూపిస్తుంది" అంటే, దించు మరి అన్నాను నేను. బాగా కలిసి ఉన్న మృదంగాన్ని రాయితో కొట్టి కొట్టి దించాడు పాపం, తర్వాత క్లాసులో గురువుగారు శ్రుతి వినలేదా అని చివాట్లు కూడా పెట్టారట.

వాడికింకా చెప్పలేదు. శనివారం ఉస్మానియా బిస్కెట్లు పట్టుకుని వెళ్తాను.